ఒకే బంతి: ఆదిమ సంఘ విశ్వాసులూ, పాలమూరు గేరీలూ

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఏ మందిరానికి పోయినా ఆదిమ సంఘం గురించిన ప్రసంగం ఏడాదికి నాలుగైదుసార్లన్నా వినబడుతుంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చదువుతారు. వాళ్లు ఎడతెగక ప్రార్థన చేశారు, హింసలు ఓర్చుకున్నారు, కాబట్టి మీరూ ప్రార్థన చేయండి, మీరూ ఓర్చుకోండి అని చెప్తారు. ఓర్చుకోవడం మాల మాదిగలకు ఇంకొకరు నేర్పాలా? తాతముత్తాతల నుంచి మనం చేస్తున్నది అదే గదా.

అదే అధ్యాయంలో ఇంకో మాట ఉంది. వాళ్లు ఆస్తులు అమ్మి అక్కర కొద్దీ పంచుకున్నారు, ఇంటింటా కలిసి తిన్నారు. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి ప్రసంగం కొంచెం వేగం పుంజుకుంటుంది. ఎవరు ఎవరితో కలిసి తిన్నారు, ఎవరు వడ్డించారు, ఎవరికి అందలేదు అన్నది అడగకుండానే ముగింపు ప్రార్థన వచ్చేస్తుంది. ఆ అడగని ప్రశ్నను మేము ఈ వ్యాసంలో అడుగుతున్నాం. మా ఇండ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. మా అమ్మమ్మలకు అక్షరం రాదు, కీర్తనలు మాత్రం నోటికొచ్చు. వాళ్ల విశ్వాసాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. ఆ విశ్వాసం ఏ గడ్డ మీద మొలిచిందో చూపించడమే మా పని.

తోళ్లు ఊనే ఇంట్లో

పేతురు యొప్పేలో ఎవరి ఇంట్లో దిగాడు? సముద్రపు ఒడ్డున సీమోను అనే చర్మకారుడి ఇంట్లో. మన బైబిల్లో 'చర్మకారుడు' అని మర్యాదగా రాశారు గానీ, మన గేరి భాషలో చెప్పాలంటే అది లంద ఉన్న ఇల్లు. చచ్చిన పశువును ముట్టేవాడు కాబట్టి తోళ్ల పనివాణ్ణి నాటి యూదుల్లో శుద్ధి పాటించేవాళ్లు హీనంగా చూసేవారు. ఆ వాసన ఊరికి తగలకూడదని ఆ వృత్తిని ఊరికి దూరంగా పెట్టేవారు. ఏ మనిషినీ నిషిద్ధుడనీ అపవిత్రుడనీ అనకూడదన్న దర్శనం పేతురుకు యెరూషలేము దేవాలయంలో రాలేదు. ఈ లంద ఇంటి మిద్దె మీద వచ్చింది. తరవాతనే అతడు కొర్నేలీ అనే అన్యుడి గడప తొక్కాడు.

నూరు నూటయాభై ఏళ్లు గడిచాక కూడా క్రైస్తవుల్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ వాసననే పట్టుకున్నారు. క్రీ.శ. 178 ప్రాంతంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవం మీద ఒక గ్రంథం రాశాడు. అది దొరకడం లేదు. సుమారు డెబ్బై ఏళ్లకు ఒరిజెన్ రాసిన జవాబులో మాత్రం దాని మాటలు మిగిలాయి. ఈ మతాన్ని ఇండ్లల్లో ప్రచారం చేసేది ఎవరయ్యా అంటే ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, చదువురాని మొరటు జనం అని సెల్సస్ వెక్కిరించాడు. వాళ్లు తమ యజమానుల ముందు నోరెత్తరట, ఆడవాళ్లూ పిల్లలూ దొరికితే మాత్రం బోధిస్తారట. ఒక మాదిగ, ఒక చాకలి దేవుణ్ణి గురించి మాట్లాడితే మన ఊరి పంతులు ఏమనేవాడో అచ్చం అదే మాట ఇది. శత్రువు రాసింది కాబట్టి దీన్ని గట్టి సాక్ష్యంగానే తీసుకోవాలి.

ఇంకో సాక్ష్యం రోమా అధికారి ప్లినీది. క్రీ.శ. 112 ప్రాంతంలో బితునియ నుంచి అతడు ట్రాజన్ చక్రవర్తికి జాబు రాశాడు. క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుంటారు, దొంగతనం చేయమనీ మాట తప్పమనీ ఒట్టు పెట్టుకుంటారు, మళ్లీ కలిసి మామూలు భోజనం చేస్తారు అని అందులో ఉంది. నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలను చిత్రహింస పెట్టించాననీ, వాళ్లను సంఘంలో 'పరిచారకులు' అంటారనీ రాశాడు. ఇద్దరు బానిస ఆడవాళ్లు ఒక సంఘానికి పెద్దలు! కానీ వాళ్ల పేర్లు అతడు రాయలేదు. గుళ్లకు జనం తగ్గారనీ, బలి మాంసం కొనేవాళ్లు కరువయ్యారనీ, తను చర్య తీసుకున్నాక బేరం మళ్లీ కోలుకుంటోందనీ కూడా రాశాడు. అంటే పేదల కొత్త విశ్వాసం గుడి చుట్టూ ఉన్న వ్యాపారాన్ని ముట్టుకుంది. అధికారి చెవికి ఆ సంగతి గట్టిగానే వినబడింది.

ఒంగోలు నుంచి పాలమూరు దాకా

తెలుగు నేలమీద ఇదే కథ ఒంగోలులో కనబడుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. అతని కంటే ముందే అక్కడొక మాదిగ సత్యం వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. అతను యెర్రగుంట్ల పేరయ్య, తోళ్ల వ్యాపారి. యోగమార్గంలో ఉండి, అందులోంచి క్రీస్తు దగ్గరికి వచ్చినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, తన వాళ్లలో తానే బోధకుడయ్యాడు. 1867 జనవరిలో ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. మాదిగలు రావడం మొదలుపెట్టాక అగ్రకులాల పెద్దలు ఈ జనాన్ని చేర్చుకోవద్దని క్లౌకు చెప్పారు, తమ పిల్లల్ని బడి మాన్పించారు. లోకంలో వెర్రివాళ్లనూ, బలహీనులనూ, ఎన్నికలేని వాళ్లనూ దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మాటలు ఆ రోజు తనకూ తన భార్యకూ వేరువేరుగా తెరిచిన బైబిళ్లలో కంటబడ్డాయని క్లౌ చెప్పుకున్నాడు. అతడు మాదిగల వైపు నిలబడ్డాడు.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. 'బియ్యం క్రైస్తవులు' అని మనల్ని వెక్కిరించే వాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. సహాయం అందుతున్న దాదాపు 15 నెలలు అతడు బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగిపోయాక జనం వాళ్లంతట వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కెరటమే నిజాం రాజ్యంలోకి వచ్చింది. బాప్టిస్టులు 1875లో సికింద్రాబాదులో, 1885లో పాలమూరులో స్థావరాలు పెట్టారు. ఎల్బర్ట్ చ్యూట్ పాలమూరులో పనిచేశాడు. గద్వాలలో స్థావరం 20వ శతాబ్దం తొలి ఏళ్లలో వచ్చింది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టుల కిందనే 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టాడు. అమెరికా మెన్నొనైట్లు 1899లో హైదరాబాదుకు వచ్చారు. తరవాతి ఇరవై ఏళ్లలో నాగర్‌కర్నూలు, వనపర్తి వాళ్ల స్థావరాలయ్యాయి. 1937లో బాప్టిస్టులు పాలమూరు, గద్వాల ప్రాంతాల్ని కూడా వాళ్లకు అప్పగించారు. ఈ మూడు పట్టణాల్లో మనం 'ఎం.బి. చర్చి' అనే మాట ఎక్కువగా వినేది అందుకే.

ఈ మెన్నొనైట్లు ఎవరు? 1525లో స్విట్జర్లాండులోని జూరిక్‌లో, పసివాళ్లకిచ్చే బాప్తిస్మం చెల్లదు, నమ్మిన మనిషి తానుగా తీసుకోవాలి అన్నందుకు వెలిపడ్డ జనానికి వారసులు. 1527లో ఫెలిక్స్ మాంజ్‌ను అక్కడి నదిలోనే ముంచి చంపారు. ఆయుధం పట్టం, ఒట్టు పెట్టం అన్నందుకు ఈ రైతులూ చేతిపనివాళ్లూ దేశం నుంచి దేశానికి తరిమివేయబడ్డారు. ఆదిమ సంఘంలాగా బతకాలన్నదే వాళ్ల పంతం. అలాంటి వాళ్ల వారసులు మన గేరీలకు వచ్చేసరికి బంగళాలో ఉండే దొరలూ దొరసానులూ అయిపోయారు. మనల్ని మనుషులుగా చూసిన మొదటి దొరలు వాళ్లు, ఆ మేలు మరవకూడదు. మేలు చేసే దొర కూడా దొరే, అది కూడా మరవకూడదు.

మూడు నియమాలు, ఒక ఊరు

ఒంగోలులో బాప్తిస్మం కోరే మాదిగల ముందు మూడు నియమాలు పెట్టేవారు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలకు మొక్కవద్దు. బయటినుంచి చూస్తే ఇవి మతం నియమాలు. గేరిలోంచి చూస్తే ఒక్కొక్కటీ ఊరి వ్యవస్థను ఒక్కో మూల పట్టుకుని లాగిన తాళ్లు.

వెట్టికి వారం, తిథి ఉండవు. పటేలు, పట్వారీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి. అలాంటి మనిషి 'ఈ రోజు నాది' అన్నాడంటే ఏడు రోజుల్లో ఒక రోజు దొర చేతిలోంచి జారిపోయినట్టే. మాదిగ చెప్పులు కుట్టాలి, మోటకు తోలు తొండం కట్టాలి, చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి. అందుకు పంట కళ్లంలో మేర కొలిచేవారు, గొడ్డు మాంసం వదిలేసేవారు. చచ్చినదాన్ని తినం అన్నప్పుడు ఆ లెక్క మొత్తం కదిలింది. జాతరలో డప్పు కొట్టం, దున్నను కొట్టం అన్నప్పుడు ఊరి పండగ ఆగింది. ప్లినీ కాలంలో బలి మాంసం బేరం పడిపోయినట్టే ఇది కూడా.

పగ తీర్చుకోవడం కూడా అలాగే జరిగింది. ఒంగోలు ప్రాంతంలో నీళ్లు బందు పెట్టారు, కూలి బందు పెట్టారు, దొంగ కేసులు బనాయించారు. అక్కడ ఇంగ్లీషు కలెక్టరుకు అర్జీ పెట్టుకునే దారన్నా ఉండేది. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో పాలకుడూ భూస్వామీ న్యాయాధికారీ ఒక్క చోటే ఉండేవారు. నాగర్‌కర్నూలు లాంటి దివానీ ప్రాంతంలో నిజాం ఉద్యోగి పేరుకు ఉన్నా, ఊరు పటేలు పట్వారీల చేతిలోనే ఉండేది. అప్పు కింద తరతరాలు జీతం చేసే భగేలా మనిషి ఆదివారం ప్రార్థనకు పోవడం చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మిషనరీలు మన డప్పును, మన తిండిని, మన ఎల్లమ్మను సిగ్గుపడేటట్టు చేశారు గదా? ఇందులో నిజం ఉంది. కానీ నాడు డప్పు వదిలినవాళ్లు వదిలింది కళను కాదు, పిలిస్తే పోయి కొట్టాల్సిన వెట్టిని. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా అదే డప్పును తన కోసం మోగించింది. నాడు వదలడమూ ఆత్మగౌరవమే, తరవాత పట్టడమూ ఆత్మగౌరవమే. ఎవరి కోసం కొడుతున్నాం అన్నదే లెక్క.

ఈ పోరాటం చేసినవాళ్ల పేర్లు మన చేతికి ఎన్ని వచ్చాయి? పేరయ్య కథ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకం వల్ల నిలిచింది. పాలమూరు మెన్నొనైట్ల మీద పాల్ వీబ్ పుస్తకం 1988లో వచ్చింది. కానీ ఊరూరా కాలినడకన తిరిగిన మన బోధకులు, ఇంటింటికీ పోయి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పిన బైబిలు స్త్రీలు చాలామంది 'ఒక పనివాడు', 'ఒక బైబిలు స్త్రీ' గానే మిగిలారు. ప్లినీ పేర్లు రాయని ఆ ఇద్దరు పరిచారికలకు వీళ్లు అక్కాచెల్లెళ్లు.

అంతియొకయలో బంతి

ఆదిమ సంఘం పాపం లేని సంఘం కాదు. అక్కడా కులం లాంటి జబ్బు ఉంది. దాన్ని దాచిపెట్టకుండా రాసుకోవడం వాళ్ల గొప్పతనం.

క్రైస్తవులు అనే పేరు మొదట పుట్టింది అంతియొకయలో. బంతి దగ్గర పెద్ద గొడవ జరిగిందీ అక్కడే. పేతురు అన్యులతో కలిసి తింటున్నాడు. యెరూషలేము నుంచి యాకోబు మనుషులు వచ్చారు. వాళ్లకు భయపడి పేతురు బంతిలోంచి లేచిపోయాడు, మిగతా యూదులూ లేచారు, ఆఖరికి బర్నబా కూడా లేచాడు. పౌలు దీన్ని మర్యాద విషయమని వదిలేయలేదు. అందరి ముందూ పేతురును నిలదీశాడు. లంద ఇంటి మిద్దె మీద దర్శనం చూసినవాడు కూడా బంతి దగ్గర జారిపోయాడంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

కొరింథులో ఇంకో తీరు. ప్రభువు భోజనానికి ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేవారు, లేనివాళ్లకు ఆకలి మిగిలేది. ఆలస్యంగా వచ్చేవాళ్లు పొద్దుగూకేదాకా ఒకరి కింద పనిచేసే బానిసలూ కూలీలూ అయి ఉంటారని చరిత్రకారులు చెప్తారు. అది అసలు ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు పౌలు.

మూడోది యెరూషలేములో. రోజూ పంచే కూటిలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు సణిగారు. అపొస్తలులు ఏం చేశారు? సంఘాన్ని చీలుస్తున్నారని తిట్టలేదు. క్రీస్తులో అందరం ఒకటే, ఈ లెక్కలెందుకు అనలేదు. ఏడుగుర్ని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నికొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు మనుషుల చేతికే గరిటె ఇచ్చినట్టు కనబడుతోంది.

ఈ మూడు బంతుల్నీ మన మధ్యకు తెచ్చుకుని చూద్దాం. మేము తిరిగిన ఒక ఊళ్లో, పేరు రాయం, మాలలకొక మందిరం, మాదిగలకొక మందిరం. రెండింట్లో అవే పాటలు, అదే బైబిలు. ఇంకో చోట మందిరం ఒకటే, పెళ్లిళ్ల దగ్గరకొచ్చేసరికి గేరీలు రెండు. పిల్ల ప్రేమించి పెళ్లి చేసుకుంటే రెండు గేరీల పెద్దలూ ఒక్కటై కొట్టారని ఒక తల్లి మాతో చెప్పింది. ఆమె భర్త సంఘ పెద్ద. ఊరు మనల్ని వెలివేసిన తీరునే మనం మందిరంలోకి మోసుకొచ్చాం.

దండోరా వచ్చినప్పుడు చాలా సంఘాల్లో వినబడ్డ మాట 'ఐక్యతను చెడగొట్టకండి' అని. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను ఒప్పుకుంది. తెలంగాణలో చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. చట్టం తేల్చినా, సంఘం ఇంకా తేల్చుకోలేదు. మాల సోదరులకు మేము గ్రీకు విధవరాండ్ర కథ మళ్లీ చదవమని మనవి చేస్తున్నాం. సణుగుడు విని గరిటె ఇచ్చిన తరవాతనే అక్కడ వాక్యం వ్యాపించిందని ఆ అధ్యాయమే చెప్తోంది. మాదిగ సోదరులకూ ఒక మాట. గరిటె చేతికొచ్చినవాడు తనకంటే చిన్న కులాల ఆకుల్లోకి కూడా చూడాలి. డక్కలి, చిందు, మాస్టీ ఇండ్ల నుంచి మన మందిరాల్లో ముందు బల్ల మీద ఎవరన్నా కూర్చున్నారా?

పెట్టెలో ఏముంది

క్రీ.శ. 197 ప్రాంతంలో కార్తేజిలో టెర్టుల్లియన్ తమ సంఘం పెట్టె గురించి రాశాడు. నెలకొకసారి ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు, బలవంతం లేదు. ఆ సొమ్ము విందులకు పోదు. బీదలకు తిండి, బీద శవానికి సమాధి, దిక్కులేని పిల్లలు, ముసలి బానిసలు, ఓడ పగిలి మునిగినవాళ్లు, విశ్వాసం కోసం గనుల్లో శిక్ష అనుభవించేవాళ్లు, వీళ్లకోసం ఖర్చవుతుంది.

మన దగ్గర ఆడవాళ్లు పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు దీని లాంటిదే. వండే ప్రతిసారీ దేవుడి పేరున ఒక పిడికెడు పక్కకు. తాను సగం కడుపు తిని తీసిన పిడికెడు అది. అలా కట్టుకున్న సంఘాల్లో ఇవాళ వినబడే గొడవలు కాంపౌండు జాగాల మీద, పదవుల మీద, కోర్టు వాయిదాల మీద. ఏ సంఘం పేరూ మేము తియ్యం. చదివేవాళ్లకు తెలుసు.

పాలమూరు లేబరు ఈ దేశంలో ఎన్ని ఆనకట్టలు మోసిందో అందరికీ తెలుసు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోయినవాళ్లలో బాప్తిస్మం పొందినవాళ్లు లేరా? ముసలివాళ్లను, పిల్లలను గేరిలో విడిచిపోయారు. గనుల్లో ఉన్నవాళ్లను లెక్కపెట్టుకున్న కార్తేజి పెట్టె లాగా, వలసపోయిన వాళ్ల పిల్లలకు ఒక పూట కూడు పెట్టే పెట్టె మన మందిరంలో ఉందా? జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఆ పేరుతో బతుకు పాడైన మాల మాదిగ ఆడవాళ్లు మందిరానికొస్తే ఏ వరసలో కూర్చోబెడుతున్నాం?

ఇక రాజ్యం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. మనకు మిగిలింది బి.సి.-సి లో ఒక్క శాతం. రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసాయి అనే క్రైస్తవుడు తనకూ ప్రభుత్వం ఇచ్చే చెక్క బంకు కావాలని సుప్రీంకోర్టుదాకా పోయాడు. మతం మారాక కూడా అణచివేత అంతే తీవ్రంగా ఉందనడానికి రుజువు చూపలేదని 1985లో కోర్టు కొట్టేసింది. సెల్సస్ వెక్కిరించింది చెప్పులు కుట్టేవాణ్ణే, కోర్టు రుజువు అడిగిందీ చెప్పులు కుట్టేవాణ్ణే. 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ ముందుకు ఈ ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈ న్యాయం అడగాల్సిందే. అయితే మన మీద కులం ఉందని రాజ్యానికి రుజువు చూపిస్తూ, మన మధ్య కులం లేదని ప్రసంగంలో చెప్పుకోలేం. మతం మారితే కులం పోయిందా అని అంబేడ్కర్ క్రైస్తవుల్ని అడిగిన ప్రశ్నకు మనం ఇంకా జవాబు బాకీ ఉన్నాం.

మన పని

ఆదిమ సంఘాన్ని బంగారు యుగంగా చూపించడం మాకిష్టం లేదు. వాళ్లు బానిసత్వాన్ని రద్దు చేయలేదు. ఒనేసిమును పౌలు మళ్లీ యజమాని దగ్గరికే పంపాడు, సోదరుడిగా చేర్చుకోమని ఉత్తరం మాత్రం రాశాడు. 313 తరవాత చక్రవర్తుల ఆదరణ దొరికాక బిషప్పులకు భూములూ బిరుదులూ వచ్చాయి. బంతి పాతబడింది. మనకు పాఠం వాళ్ల గెలుపులోనే కాదు, జారిన చోట కూడా ఉంది.

విద్యార్థులకు, టీచర్లకు, కార్యకర్తలకు మేము చెప్పేది చిన్న పని. మీ ఊరి మందిరానికి మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్ల పేర్లు అడిగి రాయండి. ఏ గేరి, ఏ పని, ఎవరు కొట్టారు, ఎవరు నీళ్లు బందు చేశారు, ఎవరు రాత్రిపూట అన్నం పెట్టారు, అన్నీ రాయండి. బైబిలు స్త్రీల పేర్లు ముందు రాయండి. డెబ్బై, ఎనబై ఏళ్లు దాటినవాళ్లు ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్లు పోతే ఆ పేర్లు కూడా పోతాయి.

ఆ పేర్ల పట్టీని క్రిస్మస్‌నాడు మందిరంలో చదవండి. చదివాక రెండు గేరీలనూ, వాటి వెనక ఉన్న చిన్న గేరీలనూ ఒక్క బంతిలో కూర్చోబెట్టండి. ఆ రోజు ఎవరు లేచిపోతారో చూడండి. వాళ్లను అందరి ముందూ అడగడానికి పౌలు మనకు దారి చూపించే ఉన్నాడు.